రిపోర్టులో నెగటివ్, ట్రాలీ మీద ఫిట్స్: ఒక వేప్ కేసు

రోగి 19 ఏళ్ల కుర్రాడు, డిగ్రీ విద్యార్థి. ముందునుంచీ జబ్బులేవీ లేవు, రోజూ వేసుకునే మందులు లేవు, ఇంట్లో ఎవరికీ ఫిట్స్ లేవు. రాత్రి పదకొండు దాటాక ఇద్దరు స్నేహితులు ఎమర్జెన్సీకి మోసుకొచ్చారు. దారిలో ఒకసారి, మా ట్రాలీ మీద మరోసారి ఫిట్స్ వచ్చాయి. రెండింటి మధ్య పూర్తిగా తెలివి రాలేదు, వాంతులు కూడా అయ్యాయి. అతని అనుమతితోనే ఇది రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. చికిత్సకు సంబంధించినవి మార్చలేదు.

వచ్చేసరికి పల్స్ 46, బీపీ 96/58, ఊపిరి నిమిషానికి 10, ఆక్సిజన్ 89 శాతం, టెంపరేచర్ 37.9 డిగ్రీలు, షుగర్ 118. కంటిపాపలు పెద్దవిగా ఉన్నాయి. మత్తు కేసుల్లో కంటిపాపనీ పల్స్‌నీ కలిపి చూస్తే సగం సమాధానం అక్కడే దొరుకుతుంది. ఓపియాయిడ్ (మార్ఫిన్, హెరాయిన్ లాంటిది) అయితే పాప సూదిమొనంత అవుతుంది, ఊపిరి మందగిస్తుంది. ఆంఫెటమిన్ లాంటిదైతే పాప పెద్దది, పల్స్ 130, ఒళ్లంతా చెమట. ఈ అబ్బాయికి పాప పెద్దదే, పల్స్ మాత్రం 46, ఒళ్లు పొడిగా ఉంది. దేనికీ పూర్తిగా సరిపోలేదు. ఊపిరి తక్కువగా ఉంది కాబట్టి ఓపియాయిడ్లకి విరుగుడైన నాలోక్సోన్ 0.4 మిల్లీగ్రాములు ఇచ్చాం, మార్పు లేకపోతే మళ్లీ ఇచ్చాం. అప్పుడూ కదలిక లేదు. లోరాజెపామ్ 4 మిల్లీగ్రాములకు ఫిట్స్ ఆగాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టి ఆక్సిజన్ పెట్టాక 97కి వచ్చింది. ఊపిరి గొట్టం వేసే సామాను పక్కనే సిద్ధంగా పెట్టుకున్నాం కానీ వేయాల్సిన అవసరం రాలేదు. తల స్కాన్ మామూలుగానే ఉంది.

లోరాజెపామ్ ఇవ్వకముందే తీసిన యూరిన్‌లో అయిదు రకాల మత్తుపదార్థాల స్ట్రిప్ పెట్టాం. ఆంఫెటమిన్, కొకైన్, ఓపియేట్, బెంజోడయాజెపైన్, గంజాయి: అన్నీ నెగటివ్.

స్నేహితుల్లో ఒకడు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు, చేతులు వణుకుతున్నాయి. "పోలీసులకి చెప్పడానికి అడగట్లేదు బాబూ. ఏం తీసుకున్నాడో తెలిస్తే నేను ఏం చేయకూడదో తెలుస్తుంది" అన్నాను. కాసేపు తటపటాయించి చెప్పాడు. "వేపే మేడమ్. అందరం పీల్చాం. వాడొక్కడే నాలుగైదు దమ్ములు ఎక్కువ లాగాడు. అది లీగలే మేడమ్, ప్యాకెట్ మీద రాసుంది." జేబులోంచి వేప్‌లో (ఈ-సిగరెట్‌లో) పోసే ద్రవం ఉన్న చిటికెన వేలంత సీసా తీసి ఇచ్చాడు. అడుగున కాస్త పసుపు ద్రవం మిగిలింది. లేబుల్ మీద ఆకు బొమ్మ, 'హెర్బల్' అనే మాట, మామిడి ఫ్లేవర్ అన్న ముక్క ఉన్నాయి. తయారీదారు పేరు లేదు, లోపలేముందో లేదు.

తెల్లారేసరికి వాళ్ల నాన్నగారు వచ్చారు. రిపోర్టు రెండుసార్లు చదువుకుని, "డాక్టరు గారూ, యూరిన్ టెస్ట్‌లో ఏమీ లేదని రాసుంది కదండీ. అంటే మావాడు ఏమీ తీసుకోనట్టేగా?" అని అడిగారు. ఈ ప్రశ్న తండ్రులే కాదు, వార్డు డాక్టర్లూ అడుగుతారు. గంజాయి స్ట్రిప్ వెతికేది గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ శరీరంలో విరిగాక మిగిలే ఒకే ఒక్క పదార్థం కోసం. సింథటిక్ కన్నాబినాయిడ్లు, అంటే గంజాయిలా పనిచేసేలా ల్యాబులో తయారుచేసిన మందులు, మెదడులో టీహెచ్‌సీ కూర్చునే సీబీ1 రిసెప్టర్ (మందు అతుక్కునే చోటు) మీదే కూర్చుంటాయి కానీ, వాటిలో చాలావాటికి రసాయనంగా దానితో చుట్టరికం లేదు. కాబట్టి స్ట్రిప్‌కి అవి కనపడవు. నెగటివ్ అన్న రిపోర్టుకి "మేం వెతికిన అయిదూ లేవు" అన్నంత వరకే అర్థం. ఆయనకి అలాగే చెప్పాను.

సింథటిక్ కన్నాబినాయిడ్ అని నాకు అప్పటికే గట్టి అనుమానం. ఫిట్స్, నెమ్మదైన పల్స్, వాంతులు, మగత, నెగటివ్ స్ట్రిప్, 'లీగల్' అని రాసిన వేప్: ఇవన్నీ ఒకేచోట కనిపిస్తే నేను ముందు అనుకునేది అదే. ఈ మందులు పుట్టింది మత్తు కోసం కాదు. అమెరికాలోని క్లెమ్సన్ యూనివర్సిటీలో జాన్ హఫ్‌మన్ బృందం మెదడులోని ఈ రిసెప్టర్లను అర్థం చేసుకోవడానికి వందల కొద్దీ పదార్థాలు తయారుచేసింది. వాటిలో ఒకటైన జేడబ్ల్యూహెచ్-018, 2008 చివర్లో యూరప్‌లో 'స్పైస్' పేరుతో అమ్ముతున్న ఎండుటాకుల పొట్లాల్లో బయటపడింది. 2009 జనవరిలో జర్మనీ దాన్ని నిషేధించింది. కొన్ని వారాల్లోనే దాని తమ్ముడు జేడబ్ల్యూహెచ్-073 మార్కెట్లోకి వచ్చింది. ఆ తర్వాత పదిహేనేళ్ల చరిత్ర అంతా ఈ రెండు వాక్యాల్లోనే ఉంది.

వైద్యపరంగా అసలు తేడా బలంలో ఉంది. టీహెచ్‌సీ ఆ రిసెప్టర్‌ను కొంతవరకే పనిచేయిస్తుంది, ఎంత పీల్చినా దానికో పైకప్పు ఉంది. వీటిలో చాలావాటికి ఆ పైకప్పు లేదు. 2016 జూలైలో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒకేరోజు 33 మంది వీధిలోనే కదలికలేని బొమ్మల్లా అయిపోయారు. కారణం ఏఎంబీ-ఫుబినాకా అనే పదార్థం. దాని బలం టీహెచ్‌సీకి దాదాపు 85 రెట్లని ఆ కేసులు పరిశీలించినవాళ్లు రాశారు. ల్యాబువాళ్లకి పాఠం ఇంకోటుంది. పరీక్షించిన ఎనిమిది మంది శాంపిళ్లలో దొరికింది అసలు మందు కాదు, అది విరిగాక మిగిలిన ముక్క. ఏ ముక్క వెతకాలో తెలియని ల్యాబు చేతికి అదే రక్తం ఇస్తే మళ్లీ నెగటివే వస్తుంది.

ఇలాంటి కేసులో నేను రాసే పరీక్షల్లో కొన్ని చూసి జూనియర్లు విసుక్కుంటారు. ఫిట్స్ కేసుకి రక్తం గడ్డకట్టే పరీక్ష ఎందుకని అడుగుతారు. 2018లో అమెరికాలోని ఇల్లినాయిస్‌లో సింథటిక్ కన్నాబినాయిడ్లు వాడినవాళ్లు ముక్కుల్లోంచి, మూత్రంలోంచి రక్తం కారుతూ ఆస్పత్రులకు వచ్చారు. ఆ సరుకులో రక్తం గడ్డకట్టనివ్వని బ్రోడిఫకూమ్ అనే ఎలుకల మందు కలిసింది. నూట యాభై మందికి పైగా జబ్బుపడ్డారు, కొందరు చనిపోయారు, బతికినవాళ్లకి విటమిన్ కె నెలల తరబడి ఇవ్వాల్సొచ్చింది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష రోజూ ఎందుకంటే, 2012లో అదే దేశంలో ఆరు రాష్ట్రాల్లో 16 మందికి వీటి వల్ల కిడ్నీలు దెబ్బతిన్నాయి. చాలామంది వికారం, నడుం నొప్పి అంటూ వచ్చినవాళ్లే. వాళ్లలో కొందరి శాంపిళ్లలో ఎక్స్‌ఎల్‌ఆర్-11 అనే కొత్త పదార్థం దొరికింది. నిజం చెప్పాలంటే, సీసాలో ఏముందో తెలియనప్పుడు పరీక్షల జాబితా పెరగక తప్పదు. ఆ ఖర్చు రోగి మీదో ప్రభుత్వం మీదో పడుతుంది తప్ప అమ్మినవాడి మీద పడదు.

ఇతనికి గడ్డకట్టే పరీక్ష మామూలుగా వచ్చింది. పొటాషియం 2.9కి తగ్గింది, ఈసీజీలో క్యూటీసీ (గుండె ప్రతి దెబ్బ తర్వాత తేరుకోవడానికి పట్టే సమయం) 480కి పెరిగింది. కండరాలు దెబ్బతిన్నాయని చెప్పే సీకే మొదటి రాత్రి 3,200, మర్నాడు 14,200. క్రియాటినిన్ 1.1 నుంచి 2.1కి పెరిగింది. డ్రిప్‌లు గట్టిగా ఎక్కించాం, పొటాషియం సరిచేశాం, క్యూటీసీ పెంచే వాంతి మందులకు దూరంగా ఉన్నాం. ఈ మత్తుకి విరుగుడు మందంటూ లేదు. ఫిట్స్ ఆపడం, ఊపిరి కాపాడటం, కిడ్నీలకి నీళ్లు అందించడం: అంతే. రెండో రోజు లేచి కూర్చున్నాడు. రాత్రంతా ఎవరో తనని గాజు అవతలి నుంచి చూస్తున్నట్టు అనిపించిందని చెప్పాడు. ఆ భయం మూడో రోజుకి తగ్గింది. అయిదో రోజు క్రియాటినిన్ 1.2తో ఇంటికి వెళ్లాడు.

సీసాలో మిగిలిన చుక్కలనీ, మొదటి రక్తం శాంపిల్‌నీ మాస్ స్పెక్ట్రోమెట్రీ (అణువుల బరువు కొలిచి పదార్థాన్ని గుర్తించే పద్ధతి) ఉన్న ల్యాబుకి పంపాం. రిపోర్టు వచ్చేసరికి అబ్బాయి కాలేజీకి వెళ్తున్నాడు. రెండింటిలోనూ ఏడీబీ-బ్యుటినాకా అనే సింథటిక్ కన్నాబినాయిడ్ ఉంది. నికోటిన్ లేదు, గంజాయి లేదు, లేబుల్ మీది ఆకుకి సంబంధించింది ఏదీ లేదు.

అసలు చిక్కు ఇక్కడే. ఆ రోజుకి మేం పాటించే నిషేధిత జాబితాలో ఏడీబీ-బ్యుటినాకా పేరు లేదు. ఆ పదార్థం వరకు చూస్తే స్నేహితుడు "లీగలే మేడమ్" అన్నది సాంకేతికంగా అబద్ధం కాదు. ఈ పదార్థం యూరప్‌లో 2019లోనే కనిపించింది. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ దాన్ని మత్తుపదార్థాల మీద దేశాలు చేసుకున్న 1971 ఒప్పందం రెండో షెడ్యూల్లో (నియంత్రిత పదార్థాల జాబితాలో) చేర్చింది 2023 మార్చిలో. మధ్యలో మూడేళ్లకు పైనే గడిచాయి. ఆ కమిషన్ నిద్రపోయిందని కాదు. ఒక పదార్థం ప్రమాదకరమని చెప్పాలంటే కేసులు కావాలి, ల్యాబు రిపోర్టులు కావాలి, నిపుణుల కమిటీ కూర్చోవాలి, దేశాలు ఓటు వేయాలి. అవన్నీ అయ్యేలోపు తయారుచేసేవాడు అణువు చివర ఒక కొస మార్చి కొత్తది దించుతాడు. యూరప్ ముందస్తు హెచ్చరిక వ్యవస్థ ఇప్పటికి గుర్తించిన కొత్త మత్తుపదార్థాలు వెయ్యికి పైమాటే.

ఒక్కో పేరూ రాసుకుంటూ పోతే లాభం లేదని ప్రభుత్వాలకి త్వరగానే తెలిసింది. కొన్ని దేశాలు పేరుకి బదులు రసాయన కుటుంబాన్ని మొత్తంగా నిషేధించాయి. చైనా 2021 జూలై 1 నుంచి సింథటిక్ కన్నాబినాయిడ్లన్నిటికీ కలిపి ఇదే పని చేసింది, సరుకు చాలావరకు అక్కడే తయారవుతుంది కాబట్టి అది పెద్ద దెబ్బే. కానీ ఆ కుటుంబం నిర్వచనంలో ఇమడని కొత్త ఆకారాలు త్వరలోనే ల్యాబుల్లో కనపడ్డాయి. వాటి గురించి మనకి తెలిసింది పాతవాటికంటే తక్కువ. ఐర్లండ్ 2010లో, బ్రిటన్ 2016లో ఇంకో అడుగు ముందుకేశాయి. మెదడు మీద పనిచేసేది ఏదైనా సరే మత్తు కోసం అమ్మితే నేరమన్నాయి. బ్రిటన్ చట్టం మద్యం, నికోటిన్, కెఫీన్, మందులు, ఆహారం మినహాయించింది. షాపులు మూతపడ్డాయి. ఇది చిన్న విషయం కాదు. అద్దాల బీరువాలో రంగురంగుల ప్యాకెట్ కనపడటమే చాలామంది కుర్రాళ్లకి ధైర్యం. అయితే బ్రిటన్ హోం శాఖ 2018లో చేసిన సమీక్షలో, బహిరంగ అమ్మకాలు దాదాపు ఆగినా ఇళ్లు లేనివాళ్లలో, జైళ్లలో వాడకం కొనసాగుతూనే ఉందని తేలింది. జైలుకి మందు రావడానికి పొట్లం అక్కర్లేదు, మందులో తడిపి ఆరబెట్టిన ఉత్తరం చాలు.

న్యూజిలాండ్ చేసిన ప్రయోగం గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. 2013 జూలైలో వాళ్లు ప్రశ్ననే తిరగేశారు. ఇది ప్రమాదకరమని ప్రభుత్వం నిరూపించడం కాదు, ప్రమాదం తక్కువని అమ్మేవాడే నిరూపించుకోవాలి, నిరూపిస్తే లైసెన్సు ఇస్తాం అన్నారు. ఒక డాక్టరుగా నాకు ఈ ఆలోచన ఇప్పటికీ నచ్చుతుంది. జ్వరం మాత్రకి అడిగే రుజువు మత్తు ప్యాకెట్‌కి అడగడంలో తప్పేముంది? దెబ్బతిన్నది అమల్లో. పరీక్షల నియమాలు సిద్ధం కాకముందే, అప్పటికే మార్కెట్లో ఉన్న కొన్నిటికి తాత్కాలిక అనుమతులు ఇచ్చారు. అనుమతి ఉన్న షాపుల ముందు క్యూలు కట్టారు, టీవీల్లో వచ్చింది, ఊళ్లు గొడవ చేశాయి. 2014 మేలో ఆ అనుమతులన్నీ ఒక్క సవరణతో రద్దయ్యాయి. జంతువుల మీద చేసిన పరీక్షల ఫలితాలు అనుమతికి పనికిరావని కూడా అదే సవరణలో రాశారు. ఆ పరీక్షలు లేకుండా మనుషుల మీద ప్రయోగాలకు ఎవరూ ఒప్పుకోరు కాబట్టి ఆ తర్వాత ఒక్క ఉత్పత్తికీ అనుమతి రాలేదు. చట్టం పుస్తకంలో ఉంది, తలుపు మూసి ఉంది. సరుకు నల్లబజారుకి పోయింది. 2017లో అక్కడ ఏఎంబీ-ఫుబినాకా వల్ల వరసగా మరణాలు సంభవించాయి. 2019లో దాన్ని అత్యంత కఠినమైన క్లాస్ ఎ లో పెట్టారు.

అదే దేశం ఇంకో పని కూడా చేసింది, నా లెక్కలో ఎక్కువ ప్రాణాలు కాపాడేది అదే. కొన్న పదార్థాన్ని తీసుకెళ్లి ఏముందో పరీక్ష చేయించుకోవడాన్ని 2020 చివర్లో తాత్కాలికంగా, 2021లో శాశ్వతంగా చట్టబద్ధం చేసింది. ప్రమాదకరమైన సరుకు దొరికితే హెచ్చరిక బయటికి వెళ్తుంది. ఇది వాడకాన్ని ప్రోత్సహించడమేనని అనేవాళ్లున్నారు. ఎమర్జెన్సీలో పనిచేస్తే ఆ వాదన ఎక్కువ రోజులు నిలవదు. నా రోగి ఆ సీసా కొనేముందు చట్టం చదవలేదు. అది తను అనుకున్న గంజాయి కాదు, ఒక దమ్ముకీ ఇంకో దమ్ముకీ ఎంత మందు వస్తుందో ఎవరికీ తెలియదు అని ఎవరైనా చెప్పి ఉంటే ఆ నాలుగైదు దమ్ములు లాగేవాడు కాదని అతనే చెప్పాడు. ఇంగ్లండ్‌లో బాత్ యూనివర్సిటీవాళ్లు స్కూళ్లలో లాక్కున్న వేప్‌లను పరీక్షిస్తే దాదాపు ఆరింట ఒకదానిలో సింథటిక్ కన్నాబినాయిడ్ బయటపడింది. పిల్లలు వాటిని నికోటిన్ అనో గంజాయి అనో అనుకునే కొంటారని వాళ్లు చెప్పారు.

అందుకే నా అభిప్రాయం ఇది. నిషేధం వద్దని నేనను. కానీ నిషేధిత జాబితా ఎప్పుడూ నిన్నటి సరుకుదే. ఈ రాత్రి వచ్చే రోగికి ఉపయోగపడేది ఆస్పత్రి నుంచి ల్యాబుకి, ల్యాబు నుంచి పక్క ఆస్పత్రులకి సమాచారం ఎంత త్వరగా వెళ్తుందన్నదే. ఈ కేసులో ఆ రిపోర్టు కుర్రాడు డిశ్చార్జి అయ్యాక వచ్చింది, మా ఆస్పత్రి కేస్ షీట్‌లోకే వెళ్లింది. అదే సరుకు పీల్చినవాళ్లు పక్క ఆస్పత్రుల్లో ఎవరైనా ఉన్నారేమో అడిగే ఏర్పాటే అప్పటికి లేదు. ప్రభుత్వాలు కొత్త చట్టం రాయడానికి పెట్టే శ్రద్ధలో కొంత ఈ దారి మీద పెడితే బాగుంటుంది.

నిషేధానికి డాక్టర్లకి మాత్రమే కనపడే ఒక ఇబ్బంది కూడా ఉంది. ఒక పదార్థాన్ని గుర్తించాలంటే ల్యాబు దగ్గర దాని స్వచ్ఛమైన నమూనా ఉండాలి, పోల్చి చూడటానికి. పదార్థం షెడ్యూల్లోకి ఎక్కిన మరుక్షణం ఆ నమూనా కొనడానికి లైసెన్సు, నిల్వకి లైసెన్సు, దిగుమతికి ఇంకో కాగితం. కుటుంబం మొత్తాన్ని నిషేధిస్తే ఇంకా ఎవరి రక్తంలోనూ కనపడని వాటికి కూడా ఇవే కాగితాలు. చిన్న ల్యాబులు ఈ తలనొప్పి పడలేక "మా దగ్గర పరీక్ష లేదు" అనేస్తాయి. చట్టం రాసేటప్పుడే ల్యాబులకి మినహాయింపు ఒక వాక్యంలో రాసేస్తే ఈ గొడవ ఉండదు.

ఫాలో-అప్‌లో అబ్బాయికి మూడు వారాలు నిద్ర సరిగా పట్టలేదు, చెమటలు, చిరాకు. రోజూ పీల్చేవాడినని అప్పుడు ఒప్పుకున్నాడు. ఇవి మానేసినప్పుడు వచ్చే ఇబ్బందులు గంజాయి మానేసినప్పటి కన్నా తీవ్రంగా ఉండొచ్చని, కొందరికి మానేశాక కూడా ఫిట్స్ రావచ్చని చెప్పి డీ-అడిక్షన్ క్లినిక్‌కి పంపాను. ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) మామూలుగా ఉంది, ఫిట్స్ మందులు ఇవ్వలేదు. "ఇప్పుడు అదే సీసాలో వేరేది వస్తోందంట మేడమ్" అని చెప్పి వెళ్లాడు. ఆ ముక్క మాకు పనికొచ్చింది. హెచ్చరిక పంపేటప్పుడు ఇప్పుడు బ్రాండు పేరు మీద ఆధారపడం. సీసా ఆకారం, ద్రవం రంగు, లక్షణాలు, ఎంత పీల్చాక మొదలయ్యాయన్నది రాస్తాం. 'చాలా పవర్‌ఫుల్' లాంటి మాటలు అసలు రాయం, అవి చదివి వెతుక్కునేవాళ్లు కూడా ఉంటారు.

మా విభాగంలో ఇప్పుడు మందులు ఇవ్వకముందు తీసిన మొదటి రక్తం, మొదటి యూరిన్ ఫ్రీజర్లోకి వెళ్తాయి, స్ట్రిప్ ఏం చెప్పినా సరే. మిగిలిన సీసానో పొట్లాన్నో ఎవరి చేతిలో పెట్టాలన్నదాని మీద చాలా వాదన జరిగింది. నర్సు డ్రాయర్లో ఉంచితే రేపు అది నిషేధిత పదార్థమని తేలినప్పుడు జవాబు చెప్పాల్సింది ఆవిడే. చివరికి ఫార్మసిస్టుకి అప్పగించాం, మార్ఫిన్ లాంటివాటికి తాళం, రిజిస్టరు ఆయన దగ్గర ఎలాగూ ఉన్నాయి. 'గుర్తించని పదార్థం' అని రాసి, ఇద్దరం సంతకం పెట్టి, సీలు వేసిన కవర్లో ల్యాబుకి పంపుతాం. రిజిస్టర్లో రోగి పేరు ఉండదు, కేసు నంబరే ఉంటుంది. పోలీసులు వస్తే ఆ రిజిస్టరు చూపిస్తాం. కోర్టు ఆర్డరు లేకుండా కేస్ షీట్ ఇవ్వం. తీసుకొచ్చిన స్నేహితులకి కూడా ఈ సంగతి రిసెప్షన్ దగ్గరే చెప్పమని సిబ్బందికి చెప్పాం, అప్పుడే జేబులోంచి సీసా బయటికి వస్తుంది.